లద్దాఖ్ బైక్ యాత్ర: ముందు రాత్రి మజిలీలు రాసుకోండి

హన్మకొండ నుంచి లేహ్ దాకా బైక్ మీద వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా స్టాఫ్‌రూమ్‌లోనూ, నా పాత విద్యార్థుల ఫోన్లలోనూ ఇవే ప్రశ్నలు. ఎంత ఖర్చయింది? రోజుకు ఎన్ని కిలోమీటర్లు కొట్టారు? ఏ బైక్ కొంటే మంచిది? అడగాల్సిన ప్రశ్నలే. కానీ మా ప్లాన్ వీటితో మొదలవలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని, ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటామో రాశాను. ప్రతి ఊరి పేరు పక్కన ఆ ఊరి ఎత్తు మీటర్లలో వేశాను. సామాను, సెలవులు, పెట్రోలు, మందులు అన్నీ ఆ కాగితాన్ని బట్టే తేలాయి.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఎత్తుకు పోయే కొద్దీ గాలి పీడనం తగ్గుతుందని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పడం వేరు, ఆ తగ్గిన గాలిలో రాత్రంతా నిద్రపోవడం వేరు. ఖార్దుంగ్ లా (లా అంటే కనుమ) దగ్గర, అంటే దాదాపు 5,360 మీటర్ల ఎత్తులో, గాలి పీడనం మన దగ్గర ఉండేదానిలో సగం. పగలు అక్కడికెక్కి పది నిమిషాలు నిలబడి దిగొస్తే ఒళ్లు ఎలాగో ఓర్చుకుంటుంది. అదే ఎత్తులో పడుకుంటే ఓర్చుకోదు. అందుకే ఎంత ఎత్తు ఎక్కుతామన్నదానికంటే ఎంత ఎత్తులో పడుకుంటామన్నది ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదని డాక్టర్లు చెప్తారు. పెంచక తప్పకపోతే అక్కడే ఇంకో రాత్రి ఆగాలి.

ఇప్పుడు రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూడండి. మనాలి వైపు నుంచి ఎక్కితే మనాలి 2,050, జిస్పా 3,200, ఆ మర్నాడే సర్చూ 4,290. రెండు రాత్రుల్లో రెండు వేల మీటర్ల పైన. శ్రీనగర్ వైపు నుంచి పోతే శ్రీనగర్ 1,585, కార్గిల్ 2,676, లేహ్ 3,500. ఈ దారిలోనూ మధ్యలో జోజి లా 3,528, ఫోటు లా 4,108 ఎక్కుతాం, కానీ పడుకునేది కిందే. అందుకే శ్రీనగర్ మీదుగా వెళ్లి మనాలి మీదుగా రావాలని ఖాయం చేసుకున్నాం. లేహ్‌లో దిగాక మొదటి రెండు రోజులు బైక్ తాళం తియ్యొద్దని ముందే అనుకున్నాం. తర్వాత నుబ్రా లోయలో హుందర్, అది లేహ్ కంటే కిందే. ఆ తర్వాతే 4,250 మీటర్ల ఎత్తులో ఉన్న పాంగాంగ్ సరస్సు. ఒళ్లు అప్పటికే పాంగాంగ్‌కు అలవాటు పడింది కాబట్టి తిరుగు ప్రయాణంలో సర్చూ ఇబ్బంది పెట్టలేదు.

నాతో వచ్చింది మా తమ్ముడు. లేహ్ చేరిన సాయంత్రం వాడికి తల పట్టేసినట్టుగా నొప్పి. వేడి నీళ్లు తాగించి, పడుకోబెట్టి, రాత్రి రెండుసార్లు లేపి మాట్లాడించాను. మర్నాటికి తగ్గింది. తలనొప్పి ఒక్కటే అయితే ఆగి చూడొచ్చు. దానికి వాంతులు తోడైనా, నడుస్తుంటే తూలుతున్నా, మాట తడబడుతున్నా ఇంకేం ఆలోచించకుండా కిందికి దిగాలి. పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె బాగానే ఉంది కదా అని ఉండిపోకండి, మనిషిని చూడండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర గురించి బయల్దేరే ముందే మీ డాక్టర్ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లకు అది ఇబ్బంది కావచ్చు. స్నేహితుడు వేసుకున్నాడని మనమూ వేసుకునే మాత్ర కాదది.

నెల విషయానికొస్తే, నా ఓటు సెప్టెంబరుకే. జులై, ఆగస్టుల్లో జమ్మూ-శ్రీనగర్ దారిలో వానలకు కొండచరియలు విరిగిపడతాయి. అమర్‌నాథ్ యాత్ర రద్దీ కూడా అప్పుడే. సెప్టెంబరుకు వానలు వెనక్కి తగ్గుతాయి, మంచు కరిగి వచ్చే వాగుల్లో నీళ్లూ తగ్గుతాయి. ఆ వాగులు మధ్యాహ్నం ఎండకు మంచు కరిగే కొద్దీ పెరుగుతాయి కాబట్టి వాటిని పొద్దున్నే దాటేలా చూసుకోవాలి. ఇదంతా చూసుకున్నా జమ్మూ-శ్రీనగర్ దారిలోనే రాంబన్ దగ్గర కొండ జారి దారి మూసేశారు. లారీల వెనకాల గంటల తరబడి నిలబడ్డాం. అయినా టెన్షన్ పడలేదు, ఎందుకంటే కాగితం మీద రెండు ఖాళీ రోజులు ముందే వదిలిపెట్టాను. సెలవు దొరికినన్ని రోజులూ చూడాల్సిన చోట్లతో నింపేస్తే, ఇలాంటి పూట పోయిన టైమును మర్నాడు రాత్రి బండి నడిపి కలుపుకోవాలని చూస్తాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మైదానం దారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కరీంనగర్, జగిత్యాల మీదుగా నిర్మల్ చేరి 44వ నంబరు హైవే ఎక్కితే అదే రోడ్డు శ్రీనగర్ దాకా. నాగ్‌పూర్, సాగర్, ఆ పైన ఆగ్రా వైపు. ఢిల్లీ ట్రాఫిక్ తప్పించుకోవడానికి పల్వల్‌లో పడుకుని తెల్లవారకముందే నగరం దాటేశాం. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింది నుంచి దాటేందుకు రోడ్డును స్తంభాల మీద ఎత్తి కట్టారు. ఆ ముక్క మీద బండి పోతుంటే కలిగిన సంతోషం వేరే. పొద్దున నాలుగున్నరకు బయల్దేరడం, సాయంత్రం ఐదింటికల్లా రూములో ఉండటం మా నియమం. లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద పడుకున్న పశువులు, ఎదుటివాళ్ల హైబీమ్ ఉన్న రాత్రి హైవే మీద ఎంత బాగా నడిపేవాళ్లకైనా భద్రత లేదు.

మైదానమంతా నడపడానికి సెలవు చాలనివాళ్లు బైక్‌ను రైల్లో పంపుకోవచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు ఇవ్వాలి, గోనెసంచులతో ప్యాక్ చేయించాలి. లగేజీగా బుక్ చేస్తే మీ టికెట్ ఉన్న రైల్లోనే వస్తుంది. పార్సెల్‌గా పంపితే వేరే రైల్లో ముందో వెనకో రావచ్చు. ఈ తేడా కౌంటర్ దగ్గరే స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

ఇక బండి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న హిమాలయన్ 411, తమ్ముడిది క్లాసిక్ 350, రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే. ఏది కొనాలని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: ఇప్పుడు మీ దగ్గర ఉన్న బండి చాలు, దాన్ని విప్పడం నేర్చుకోండి. నేనా మాట మా మెకానిక్ దగ్గరే విన్నాను. సర్వీసింగ్‌కు ఇస్తూ, లద్దాఖ్ పోతున్నాం, ఏమేం మార్చాలన్నా అని అడిగితే, "మార్చేటివి నేను మారుస్త మేడం, ముందుగాల మీరు పంచర్ ఏసుడు నేర్చుకోండ్రి" అన్నాడు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు మార్చి, చైన్ చూసి, ఆ ఆదివారం షాపు ముందు పాత గోనెసంచి పరిచి నా చేతికి టైరు విప్పే లివర్లు ఇచ్చాడు.

మా రెండు బళ్లవీ ట్యూబ్ టైర్లే. హిమాలయన్‌కు ముందు 21 అంగుళాలు, వెనక 17. క్లాసిక్‌కు ముందు 19, వెనక 18. అంటే నాలుగు సైజుల ట్యూబులు. నాలుగూ పెట్టుకున్నాం, బరువైనా సరే.

వెనక టైరు విప్పడం ఇలా. సెంటర్ స్టాండ్ వేసి, యాక్సిల్ (ఇరుసు) నట్టు వదులు చేసి, రెండు వైపులా చైన్ అడ్జస్టర్లు తిప్పి చక్రాన్ని ముందుకు నెడితే చైన్ వదులై స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీంచి జారుతుంది. యాక్సిల్ లాగితే చక్రం బయటికొస్తుంది. వాల్వ్ పిన్ను తీసి గాలంతా వదిలేయాలి. రిమ్ముకు అతుక్కున్న టైరు అంచు చేతులతో కదలదు, దానికొక ఉపాయం ఉంది. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, రెండో బండి సైడ్ స్టాండ్‌ను టైరు అంచు మీద ఆనించి ఆ బండిని మెల్లగా దాని మీదికి వాల్చితే, బండి బరువుకు అంచు పట్టు వదిలి లోపలికి దిగుతుంది. తర్వాత మోకాళ్లతో టైరును ఒక వైపు రిమ్ము మధ్య ఉన్న పల్లంలోకి తొక్కిపెట్టాలి. అప్పుడే అవతలి వైపు లివర్‌కు వదులు దొరుకుతుంది. ఇది తెలియనివాళ్లు బలమంతా పెట్టి లివర్లు వంచుతారు, నిజానికి దానికి అంత బలం అక్కర్లేదు.

ట్యూబ్ తీశాక టైరు లోపలంతా ఒక గుడ్డతో తుడుస్తూ తిప్పాలి. ముల్లో ఇనుప తీగ ముక్కో ఉంటే గుడ్డ అక్కడ తట్టుకుంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే పది కిలోమీటర్లకు మళ్లీ అదే పని. కొత్త ట్యూబ్‌కు కాస్త పౌడర్ రాసి, గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టి లోపల పెట్టాలి, మెలిపడదు. టైరు ఎక్కించేటప్పుడు వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించాలి. ఆ చివరి జానెడు దగ్గర వాల్వ్‌ను పైకి నెట్టకపోతే లివర్ కింద ట్యూబ్ నలిగి కొత్తదానికే చిల్లు పడుతుంది. మూడు ఆదివారాలు చేశాక లివర్ ఎక్కడ పెట్టాలో చేతికే తెలిసిపోయింది. సరిగ్గా ఈ పనే తిరుగు ప్రయాణంలో, పాంగ్ చేరకముందే మోరే మైదానంలో చేయాల్సి వచ్చింది, ఈదురుగాలిలో, తమ్ముడి బండి వెనక టైరుకు. చుట్టుపక్కల షాపు లేదు, సిగ్నల్ లేదు. గంటలోపే బయల్దేరాం.

క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ స్పేర్‌వి సంచిలో పెట్టుకోకండి. ఇప్పుడున్న కేబుల్ పక్కనే, అదే దారిలో కొత్తదాన్ని కూడా లాగి, జిప్ టైలతో కట్టి, రెండు కొసలకూ టేపు చుట్టి ఉంచండి. పాతది తెగితే కొసలు మార్చుకోవడమే, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ట్యాంకు విప్పాల్సిన పని ఉండదు. వీటితోపాటు క్లచ్ లివర్, బ్రేక్ లివర్, స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు, చైన్ లింకు, ఎమ్‌సీల్, ఇన్సులేషన్ టేపు, బ్యాటరీకి తగిలించే చిన్న గాలి పంపు. చైన్‌కు 500 కిలోమీటర్లకోసారి లూబ్ కొట్టాం. ఘాట్ మీద ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టొద్దు, క్లచ్ ప్లేట్లు కాలిపోయేది అక్కడే. బ్రేక్ పట్టి ఆగి, ముందు ఖాళీ అయ్యాకే కదలాలి.

పెట్రోలు లెక్క సులువు. నా ట్యాంకు 15 లీటర్లు, లీటరుకు 30 అనుకుంటే 450 కిలోమీటర్లు. తమ్ముడి ట్యాంకు 13 లీటర్లు. నుబ్రాలో దిస్కిత్‌లో బంకు ఉంది. కష్టమైన ముక్క లేహ్ దగ్గరి కారూ నుంచి కేలాంగ్ దగ్గరి తాండీ దాకా. తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసిన బోర్డు బైకర్లందరికీ తెలిసిందే. ఫస్ట్, సెకండ్ గేర్లలో ఎక్కుతుంటే మైలేజీ పడిపోతుంది కాబట్టి చెరో 5 లీటర్ల క్యాన్ పెట్టుకున్నాం. నా బండికి ముందు ర్యాక్ ఉంది, క్యాన్ దానికే బిగించాం. మంచినీళ్ల సీసాల్లో పెట్రోలు మాత్రం పోయకండి.

సామాను సర్దేటప్పుడు తమ్ముడు, "అక్కా, గిన్ని బట్టలెందుకే?" అంటూ సగం తీసి మంచం మీద పడేశాడు. వాడన్నది నిజం. ఒకటి ఒంటి మీద, ఒకటి ఆరేసింది, ఒకటి పొడిగా దాచింది, అంతే. దాచిన జతను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడి వేశాను, ఎంత వాన పడినా రాత్రికి పొడి బట్టలు ఉండాలి. బరువైనవన్నీ, అంటే ట్యూబులు, పనిముట్లు, సీటుకు రెండు వైపులా వేలాడే సంచుల్లో కిందికి, ముందుకు. తేలికైనవి వెనక టెయిల్ బ్యాగులో. వెనక బరువెక్కితే ఘాట్ ఎక్కుతున్నప్పుడు ముందు చక్రం తేలిపోతుంది. అన్నీ సర్దాక ఊరికే చూసి వదిలేయకుండా, ఆ బరువుతోనే రామప్ప దాకా పోయి వచ్చాం. ఏ సంచి సైలెన్సర్‌కు తగులుతుందో, ఏ తాడు వదులవుతుందో ఆ ఒక్క పూటలో బయటపడింది.

ఆడవాళ్లకు రెండు మాటలు విడిగా చెప్పాలి. రైడింగ్ జాకెట్ షాపులో నిలబడి వేసుకుంటే సరిపోయినట్టే ఉంటుంది. బండి మీద కూర్చుని చేతులు చాపి చూడండి. మగవాళ్ల సైజుదైతే మోచేతి దగ్గర ఉండాల్సిన ప్యాడ్ పక్కకు జారిపోతుంది, పడ్డప్పుడు అది ఉండీ లాభం లేదు. ఒకటికి నాలుగు షాపులు తిరిగైనా సరైనది వెతకండి. హెల్మెట్‌దీ అదే మాట.

రెండోది, నీళ్లు. దారిలో టాయిలెట్ దొరకదేమోనని పొద్దుట్నుంచీ నీళ్లు తాగకుండా బండి నడిపే ఆడవాళ్లను నేను చూశాను. మైదానంలో ఎండకు, పైన పొడిగాలికి అది నేరుగా ఆరోగ్యం మీద దెబ్బ. ఎత్తులో తలనొప్పికి ఒంట్లో నీళ్లు తగ్గడం కూడా తోడవుతుంది. పెట్రోలు పోయించుకున్న ప్రతి బంకులో అవసరం ఉన్నా లేకపోయినా టాయిలెట్‌కు వెళ్లండి. తాళం వేసి ఉంటే తాళంచెవి అడగండి, సిగ్గు పడాల్సిన విషయం కాదు. బంకుల్లో టాయిలెట్ ఉండాలన్నది నిబంధన. బంకులు లేని చోట్లకు ఒక ముదురు రంగు పాత చీర ముక్క పెట్టుకున్నాను. రెండు బళ్లు దగ్గరగా ఆపి దాన్ని మధ్యలో కడితే తెర అవుతుంది. నిలబడి వాడుకునే కాగితపు ఫన్నెల్స్ మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అవీ పెట్టుకోండి. నెలసరి సామాను ఇంటి దగ్గరే పూర్తిగా తీసుకోండి. ఎత్తులో తేదీలు ముందూవెనకా కావచ్చు.

తిండికి అమ్మ మలీద ముద్దలు, సకినాలు కట్టిచ్చింది. "తోవల ఏం దొర్కుతదో ఏమో బిడ్డా, ఆకలైతే ఆగకుండ్రి, ఇవి తినుండ్రి" అంది. ద్రాస్ దాటాక బయటి బిస్కెట్ల కంటే ఆ బెల్లం ముద్దే ఒంటికి పట్టింది. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. మధ్యలో సంచిలోని చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బితే ఫోటో తీసుకున్నాను, ఇప్పుడు పీడనం పాఠం దాంతోనే మొదలుపెడుతున్నాను.

కాగితాలు తొందరగా చెప్పేస్తాను. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఫోన్లో ఉన్నా, జిరాక్సులు కూడా దగ్గర పెట్టుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయదు, ముందే పోస్ట్‌పెయిడ్‌కు మారాలి. నుబ్రా, పాంగాంగ్‌లకు 2021 నుంచి మన దేశస్థులకు ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాల్లోకి వెళ్లే అనుమతి) తీసేశారు గానీ పర్యావరణ రుసుము ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దగ్గర పెట్టుకోవాలి. మనాలిలోనో శ్రీనగర్‌లోనో అద్దెకు తీసుకున్న బళ్లతో లేహ్ నుంచి నుబ్రా, పాంగాంగ్ తిరగనివ్వరు, అక్కడ బైక్‌లు అద్దెకిచ్చేవాళ్ల యూనియన్లు ఒప్పుకోవు. సొంత బండికి ఆ ఇబ్బంది లేదు. చేతిలో నగదు ఉండాలి. మొత్తం తిరిగింది దాదాపు 6,000 కిలోమీటర్లు, అంటే ఒక్కో బండికి 200 లీటర్ల పెట్రోలు. ఖర్చు లెక్క అక్కడ మొదలుపెట్టి, దానికి రూములు, తిండి కలుపుకోండి.

చివరగా, పడిపోయిన బండిని ఎత్తడం. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, నా బండి బరువు 199 కిలోలు, సామాను కాకుండా. ఎదురుగా వంగి హ్యాండిల్ పట్టి లాగితే నడుం పోతుంది. ముందు ఇంజిన్ ఆపి, గేర్‌లో వేయాలి, అప్పుడు దొర్లదు. కుడి వైపు పడితే ఎత్తేముందే సైడ్ స్టాండ్ తెరిచి ఉంచాలి, లేకపోతే లేపాక అవతలికి పడుతుంది. తర్వాత బండికి వీపు పెట్టి, పిరుదులు సీటు అంచుకు ఆనించి కూర్చున్నట్టుగా దిగి, ఒక చేత్తో కింది వైపు గ్రిప్, ఇంకో చేత్తో వెనక పట్టుకునే కడ్డీ పట్టుకోవాలి. వీపు నిటారుగా ఉంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. ఎత్తేది కాళ్లు, చేతులు కాదు.

ఇదీ, టైరు విప్పడమూ చదివితే వచ్చే పనులు కావు. మా కాలనీలో బండి నడిపే ఆడపిల్లలకు ఆదివారం పొద్దున మా ఇంటి ముందే నేర్పడం మొదలుపెట్టాం. లివర్లు, గోనెసంచి, పౌడర్ మా దగ్గరున్నాయి. మీ బండి మీరే తెచ్చుకోండి, పాత బట్టలు వేసుకుని రండి.